గడికొక వలయం

చదరంగం ఆడే యంత్రాన్ని రెండు విధాలుగా నిర్మించవచ్చు. మొదటిది అందరికీ తెలిసినదే: ఆట నియమాలను ప్రోగ్రామ్‌గా రాసి సాధారణ కంప్యూటర్‌కు ఇస్తే, దానిలోని ప్రాసెసర్ ఆ ఆదేశాలను ఒకదాని వెంట ఒకటిగా చదువుతూ, బల్ల మీది గళ్ళను వరుసగా తడుముతూ, ఏ పావు ఎక్కడికి కదలగలదో లెక్క కట్టుకుంటుంది. రెండవ పద్ధతిలో చదరంగపు నియమాలే విద్యుత్ వలయాలుగా మారతాయి. అరవై నాలుగు గళ్ళకు అరవై నాలుగు చిన్న వలయాలు ఏర్పడి, గుర్రం దూకే దారులు, ఏనుగు నడిచే బాటలు తీగలై వాటిని కలుపుతాయి కనుక, ఏ గడి మీద ఎవరి దాడి ఉందో అన్ని గళ్ళూ ఏకకాలంలో చెప్పగలుగుతాయి. ఒకప్పుడు అమెరికాలోని పెద్ద ప్రయోగశాలలకు మాత్రమే చేతనైన ఈ రెండవ పద్ధతి, కోరిన వలయంగా మలచుకోదగిన ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్‌లు చవకగా దొరుకుతున్న నేటి రోజుల్లో, ఇంజినీరింగ్ చదివే విద్యార్థి మేజా మీదికి వచ్చి చేరింది.

ఈ విషయం 2016 అక్టోబరు 11న జిల్లాలుగా ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల యువతకు ప్రత్యేకంగా పట్టవలసినది. ఆ మూడింటికీ ఉన్నత విద్యా కేంద్రమైన వరంగల్, హనుమకొండ పట్టణాల్లో 1959లో నెలకొన్న ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల, అంటే నేటి ఎన్‌ఐటీ, ఉంది; భూపాలపల్లికి పొరుగునే మంథనిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. అదే వరంగల్‌లో 2003లో పుట్టిన ఇరిగేశి అర్జున్ పద్నాలుగేళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడవ బల్ల మీద పదకొండు ఆటలకు పది పాయింట్లు సాధించి, ఆ ఏడాది డిసెంబరులో విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 రేటింగ్ దాటిన రెండవ భారతీయుడయ్యాడు. చదరంగమూ ఎలక్ట్రానిక్స్ చదువూ ఇంత దగ్గరగా ఉన్న చోట ఆ రెండూ కలిసే రంగం గురించి తెలుగులో వివరంగా చెప్పుకోవలసిన అవసరం ఉంది.

యంత్రానికి చదరంగం ఎందుకు కష్టమో ముందుగా చూడాలి. ఆట నడిమి దశలో ఒక ఆటగాడికి సగటున 35 ఎత్తులు అందుబాటులో ఉంటాయని అంచనా. ప్రతి ఎత్తుకూ ఎదుటివాడికి మళ్ళీ 35 జవాబులు ఉంటాయి కనుక, ఇరువైపులా కలిపి నాలుగు ఎత్తుల లోతు వరకు చూడాలంటే 35ను నాలుగుసార్లు హెచ్చించగా వచ్చే 15,00,625 స్థితులను పరిశీలించాలి. ఇంకా రెండు ఎత్తులు ముందుకు పోతే ఆ సంఖ్య 180 కోట్లు దాటుతుంది. అయితే ఈ చెట్టులోని కొమ్మలన్నింటినీ ఎక్కి చూడనక్కరలేదు. ఒక ఎత్తుకు ఎదుటివాడి దగ్గర గట్టి జవాబు ఒకటి దొరికిందంటే, ఆ ఎత్తు పనికిరాదని అప్పటికే తేలిపోయింది కనుక మిగిలిన జవాబులను వెతకడం వృథా. ఆల్ఫా-బీటా అని పిలిచే ఈ కత్తిరింపు పద్ధతిలో, ప్రతి స్థితిలోనూ మంచి ఎత్తునే మొదట పరీక్షించగలిగితే, పైన చెప్పిన పదిహేను లక్షల స్థితులకు బదులు కేవలం 2,449 చూస్తే చాలు. ఫలితంలో తేడా ఏమీ ఉండదు.

ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న అగాధమే చదరంగ యంత్ర నిర్మాణానికి అసలు ప్రేరణ. ఎత్తులను త్వరగా పుట్టించడం ఎంత ముఖ్యమో, వాటిని మంచి వరుసలో పుట్టించడం అంతకన్నా ముఖ్యం. అనుభవం నేర్పిన సూత్రం ఒకటుంది: చంపగలిగిన శత్రు పావుల్లో అత్యంత విలువైనదాన్ని, మన పావుల్లో అతి తక్కువ విలువైనదానితో చంపే ఎత్తును మొదట చూడాలి. బంటుతో మంత్రిని చంపగలిగితే అంతకన్నా ముందు పరీక్షించవలసిన ఎత్తు దాదాపుగా ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో ఈ వరుస కోసం ఎత్తులన్నీ పుట్టించి, విలువ కట్టి, పేర్చుకోవాలి. వలయంలోనైతే ఆ వరుస తీగల అమరిక లోనుంచే పుడుతుంది.

అలా పుట్టించిన తొలి గొప్ప యంత్రం అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థామ్సన్, జో కాండన్ నిర్మించిన ‘బెల్’ (Belle). యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరిగా కంప్యూటర్ లోకమంతటికీ తెలిసిన థామ్సన్, సెకనుకు సుమారు 1,60,000 స్థితులను పరిశీలించే ఈ యంత్రంతో 1980లో ప్రపంచ కంప్యూటర్ చదరంగం పోటీని గెలిచాడు; 1983లో అది అమెరికా చదరంగ సమాఖ్య వారి మాస్టర్ హోదా పొందిన తొలి యంత్రమైంది. అంతకుముందు ఏడాది మాస్కో ప్రయాణంలో ఉండగా న్యూయార్క్ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారులు దాన్ని ఆపేశారన్న సంగతి, ఆ రోజుల్లో ఇలాంటి వలయాలను ఎంత కీలకమైన సరుకుగా చూసేవారో తెలుపుతుంది. బెల్‌లో ప్రతి గడికీ సంకేతం పంపే భాగం ఒకటి, అందుకునే భాగం ఒకటి ఉండేవి. ముందుగా మన పావులున్న గళ్ళన్నీ తమ తమ నడక ప్రకారం ఒక్కసారిగా సంకేతాలు పంపితే, ఆ సంకేతం చేరిన శత్రు గళ్ళలో అత్యంత విలువైనదాన్ని ఒక ఎంపిక వలయం పట్టుకునేది. తరువాత దిశ తిరగబడేది: చావబోయే ఆ గడి అన్ని రకాల పావుల నడకల్లోనూ తానే సంకేతాలు వెదజల్లితే, ఏ రకం సంకేతం ఏ గడికి చేరిందో చూసి, దాన్ని చంపగల మన పావుల్లో అల్పమైనది బయటపడేది. మొదటి అంచెకు బలిని వెతకడమని, రెండవదానికి దాడి చేసేవాణ్ణి వెతకడమని పేర్లు. నలభై ఏళ్ళు దాటినా చదరంగ వలయాల రచనకు ఇంతకన్నా అందమైన ఆలోచన మరొకటి రాలేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఈ కథ తరువాతి మజిలీ పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మద్రాసు గిండీ కళాశాలలో ఇంజినీరింగ్ చదివి, స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ మెకార్తీ వద్ద పరిశోధన పూర్తిచేసిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, అంటే రాజ్ రెడ్డి, 1969లో అక్కడ అధ్యాపకుడిగా చేరాడు. ఆయన జీవితకాల కృషి యంత్రాలకు మాట వినడం నేర్పడం; ఆ కృషిలో చదరంగానికి ఒక విచిత్రమైన స్థానం ఉంది. ఆయన బృందం 1970ల తొలినాళ్ళలో రూపొందించిన హియర్‌సే-1 అనే వ్యవస్థ, మనిషి మైకులో పలికిన చదరంగపు ఎత్తును గుర్తుపట్టేది. ధ్వనిని మాత్రమే నమ్ముకుంటే పొరపాట్లు తప్పవు కనుక, జేమ్స్ గిల్లాగ్లీ రాసిన టెక్ అనే చదరంగం ప్రోగ్రామ్ ఆ స్థితిలో సాధ్యమైన ఎత్తులేవో, వాటిలో ఆటగాడు వేయడానికి ఎక్కువ అవకాశమున్నవి ఏవో ముందే జాబితాగా ఇచ్చేది. అస్పష్టంగా వినిపించిన మాటను ఆ జాబితాతో సరిచూసుకుని యంత్రం నిర్ణయానికి వచ్చేది. తెలిసిన విషయం వెతుకులాటను తగ్గిస్తుందన్న సూత్రం ఇక్కడ చెవికి ఉపయోగపడింది. అదే సూత్రాన్ని, దానితోపాటు తెలియని చోట వెతుకులాటే ఆ లోటు పూరిస్తుందన్న రెండవ సగాన్ని, రాజ్ రెడ్డి 1988లో అమెరికా కృత్రిమ మేధ సంఘం అధ్యక్షోపన్యాసంలో ఆ శాస్త్రం నేర్చిన ముఖ్య పాఠాల్లో చేర్చాడు. ఆయన 1979 నుంచి రోబోటిక్స్ సంస్థకు వ్యవస్థాపక డైరెక్టర్‌గా, 1991 నుంచి కంప్యూటర్ సైన్స్ విభాగానికి డీన్‌గా పనిచేశాడు; 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. కార్నెగీ మెలన్ చదరంగ యంత్రాలు ఆయన చేతితో రూపొందినవి కావు గానీ, అవి పుట్టిన వాతావరణాన్ని పెంచి పోషించిన పెద్దల్లో ఈ తెలుగువాడు ఒకడు.

ఆ వాతావరణంలో ఒకే దశాబ్దంలో రెండు ప్రత్యర్థి యంత్రాలు తయారయ్యాయి. హాన్స్ బెర్లినర్ నాయకత్వంలో 1985 నాటికి సిద్ధమైన హైటెక్ కోసం కార్ల్ ఎబెలింగ్ గడికొక చిప్ చొప్పున అరవై నాలుగు చిప్‌లతో ఎత్తులు పుట్టించే వలయాన్ని రూపొందించగా, ఫెంగ్-షియుంగ్ సూ అనే మరో విద్యార్థి బెల్ వలయాన్ని కుదించి మొత్తం బల్లను ఒకే చిప్‌లో ఇమిడ్చాడు. థామస్ అనంతరామన్, మర్రే క్యాంప్‌బెల్ తోడుగా ఆయన నిర్మించిన చిప్‌టెస్ట్ 1987లో ఉత్తర అమెరికా కంప్యూటర్ చదరంగం పోటీని గెలిచింది. దాని వారసుడైన డీప్ థాట్ 1988లో బెంట్ లార్సన్ వంటి గ్రాండ్‌మాస్టర్‌ను ఓడించింది. సూ, క్యాంప్‌బెల్ 1989లో ఐబీఎంకు మారాక అదే వంశంలో పుట్టిన డీప్ బ్లూ, 480 చదరంగ చిప్‌లతో సెకనుకు పది నుంచి ఇరవై కోట్ల స్థితులను పరిశీలిస్తూ, 1997 మే నెలలో ప్రపంచ విజేత గ్యారీ కాస్పరోవ్‌ను మూడున్నరకు రెండున్నర పాయింట్లతో ఓడించింది. 1996లో అదే కాస్పరోవ్ చేతిలో ఓటమి తరువాత యంత్రానికి మరింత ఆట జ్ఞానం చేర్చవలసి వచ్చినప్పుడు ఆ బృందానికి చిప్‌ను మళ్ళీ మొదటినుంచి రూపొందించి తయారు చేయించక తప్పలేదు. స్థిరమైన చిప్‌లో పని అంటే అదే. తెలిసినవారు తక్కువగా ప్రస్తావించే విషయం మరొకటుంది: డీప్ బ్లూ చిప్‌కు పక్కన ఒక ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్‌ను తగిలించి, వెతుకులాట నియంత్రణను, విలువ కట్టే పద్ధతిని మార్చుకునే వెసులుబాటు రూపకర్తలు కల్పించుకున్నారు గాని, సమయం చాలక దాన్ని ఎన్నడూ వాడలేదని వారే తమ పరిశోధన వ్యాసంలో రాశారు.

ఆ వాడని వెసులుబాటు ఏమిటో అర్థం కావాలంటే ఫీల్డ్ ప్రోగ్రామబుల్ గేట్ అరే, క్లుప్తంగా ఎఫ్‌పీజీఏ, అనే చిప్ నిర్మాణం తెలియాలి. ఏ డిజిటల్ వలయమైనా చివరికి కొన్ని ప్రశ్నలకు అవును, కాదు అనే జవాబుల కూర్పే. మూడు ఇన్‌పుట్లున్న ప్రశ్నకు ఎనిమిది సందర్భాలే సాధ్యం కనుక, ఎనిమిది చిన్న జ్ఞాపక అరల్లో ఎనిమిది జవాబులు రాసిపెడితే ఆ పట్టికే గేటు పని చేస్తుంది. దీన్ని లుక్-అప్ టేబుల్ అంటారు. అలాంటి పట్టికలు వేల సంఖ్యలో, ప్రతి పట్టిక పక్కన ఒక్క బిట్‌ను గుర్తుపెట్టుకునే ఫ్లిప్‌ఫ్లాప్, వీటి మధ్య కోరినట్లు కలపగల తీగల వల, అక్కడక్కడ బ్లాక్ ర్యామ్ అనే జ్ఞాపక ముక్కలు, గుణకార వలయాలు కలిస్తే ఎఫ్‌పీజీఏ అవుతుంది. రూపకర్త తనకు కావలసిన వలయాన్ని వెరిలాగ్ లేదా వీహెచ్‌డీఎల్ భాషలో వర్ణిస్తే, సాఫ్ట్‌వేర్ ఆ వర్ణనను పట్టికలుగా మార్చి, చిప్‌లో చోటు కేటాయించి, తీగలు కలిపి, ఫలితాన్ని ఒక ఫైలుగా ఇస్తుంది. ఆ ఫైలును చిప్‌లోకి ఎక్కించిన క్షణం నుంచి అది ఆ వలయమే. జనగామ జిల్లా పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకు మీద ఉలితో ఎత్తిన బొమ్మ వలె మామూలు చిప్ రూపం ఒకసారి నిలిచిపోతే, ఎఫ్‌పీజీఏను మాత్రం తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు. ఈ సౌకర్యానికి మూల్యం వేగం: అదే వలయం స్థిరమైన చిప్‌లో నడిచినంత వేగంగా ఇక్కడ నడవదు. 1985లో జైలింక్స్ కంపెనీ విడుదల చేసిన తొలి ఎఫ్‌పీజీఏలో లాజిక్ దిమ్మెలు సరిగ్గా 64, అవీ ఎనిమిది వరుసలుగా ఎనిమిదేసి చొప్పున అమరి ఉండేవి. చదరంగం ప్రియులకు ఆ కాకతాళీయం నచ్చకుండా ఉండదు. ఇప్పుడు ఏఎమ్‌డీలో భాగమైన ఆ కంపెనీకి హైదరాబాద్‌లో పెద్ద డిజైన్ కేంద్రం ఉంది.

ఎఫ్‌పీజీఏతో ప్రపంచస్థాయికి చేరిన చదరంగ యంత్రం హైడ్రా. ఆస్ట్రియాకు చెందిన క్రిల్లీ డానింగర్, జర్మనీలోని పాడర్‌బోర్న్ పరిశోధకుడు ఉల్ఫ్ లోరెంజ్ తదితరులు అబుదాబి సంస్థ ఆర్థిక సాయంతో నిర్మించిన ఈ యంత్రం, ఎఫ్‌పీజీఏ కార్డులు తగిలించిన కంప్యూటర్ల సమూహంగా పనిచేస్తూ, 2005 జూన్‌లో లండన్‌లో బ్రిటన్ అగ్రశ్రేణి ఆటగాడు మైఖేల్ ఆడమ్స్‌పై ఆరు ఆటల్లో ఐదున్నర పాయింట్లు గెలిచింది. ఆ రూపకర్తలు ఎత్తిచూపిన ఒక సత్యం ఈ రంగానికంతటికీ కీలకం. సాఫ్ట్‌వేర్‌లో స్థితికి విలువ కట్టే నియమం ఒకటి కొత్తగా చేర్చితే ప్రతి స్థితి దగ్గరా దానికి కొంత సమయం పోతుంది కనుక యంత్రం నెమ్మదిస్తుంది. వలయంలో ఆ నియమం పాతవాటి పక్కనే సమాంతరంగా నడుస్తుంది కనుక చిప్‌లో చోటు తింటుంది గాని సమయం తినదు. ఏది సమయంతో కొనాలో, ఏది చోటుతో కొనాలో తేల్చుకోవడమే ఎఫ్‌పీజీఏ రూపకర్త విద్య అంతా.

ఇక రూపకల్పన లోతుల్లోకి వెళితే, మొదటి ప్రశ్న బల్లను ఎలా దాచాలన్నది. ప్రతి గడిలో ఖాళీ గాని, రెండు రంగుల్లో ఆరేసి రకాల పావుల్లో ఒకటి గాని ఉంటుంది. పదమూడు అవకాశాలకు నాలుగు బిట్లు సరిపోతాయి కనుక మొత్తం బల్ల 256 ఫ్లిప్‌ఫ్లాప్‌లలో ఒదుగుతుంది. దూరం నడిచే పావుల దాడిని కనుగొనడానికి గడి నుంచి పక్క గడికి సంకేతం అందించే చిన్న వలయం కావాలి. దాని తర్కం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ఈ గడిలో ఆ దిశగా నడిచే మన పావు ఉంటే, లేదా వెనుక గడి నుంచి సంకేతం వచ్చి ఈ గడి ఖాళీగా ఉంటే, ముందు గడికి సంకేతం పంపాలి. మూడే ఇన్‌పుట్లు, కాబట్టి ఒక్క లుక్-అప్ టేబుల్ చాలు. బల్ల మీద ఒక గడి నుంచి ఆనుకుని ఉన్న గడికి ఎనిమిది దిశల్లో లెక్కిస్తే అలాంటి అడుగులు మొత్తం 420. గుర్రం దూకుళ్ళు మొత్తం 336. శకటు ఐమూలగా నడిచినా, ఏనుగు తిన్నగా నడిచినా, మంత్రి రెండు విధాలా నడిచినా, బంట్ల దాడులకు, దాడి చేసేది ఏ రకమో గుర్తించడానికి కొంత అదనంగా పట్టినా, చదరంగపు జ్యామితి అంతా వెయ్యి రెండువేల పట్టికల లోపు సర్దుకుంటుంది. కళాశాల ప్రయోగశాలల్లో వాడే ఆర్టిక్స్-7 తరగతి చిన్న చిప్‌లలో ఒకదానిలోనే 20,800 పట్టికలు ఉంటాయి కనుక చోటుకు కొరత లేదు.

కొరత ఎదురయ్యేది కాలం దగ్గర. వలయాలన్నీ క్లాక్ అనే లయకు కట్టుబడి నడుస్తాయి. 100 మెగాహెర్ట్జ్ క్లాక్ అంటే టిక్కుకు పది నానోసెకన్లు, సంకేతం ఆ వ్యవధిలోగా బల్ల ఒక మూల నుంచి రెండవ మూల వరకు ఏడు గళ్ళు పాకాలి. ఆ తరువాత అరవై నాలుగు గళ్ళలో అత్యంత విలువైన బలిని ఎంచడానికి గళ్ళను జంటలుగా పోల్చుతూ పోతే 63 పోలిక వలయాలు, ఆరు అంచెలు పడతాయి. పాకడమూ ఎంచడమూ ఒకే టిక్కులో జరగాలని పట్టుబడితే క్లాక్ నెమ్మదించక తప్పదు. మధ్యలో ఫ్లిప్‌ఫ్లాప్‌లు పెట్టి పనిని రెండు టిక్కులుగా చీల్చితే క్లాక్ వేగంగా నడుస్తుంది గాని, ఆల్ఫా-బీటాలో ఒక ఎత్తు ఫలితం తెలిస్తే గాని తరువాతి ఎత్తు చూడాలో వద్దో తెలియదు కనుక, చీల్చగా మిగిలిన ఖాళీ టిక్కులను నింపడం కష్టం. ఈ వెతుకులాటకు స్వభావసిద్ధంగానే వరుసక్రమం ఉంది. సమాంతరత వలయపు బలమైతే, ఒకదాని కోసం ఒకటి వేచి ఉండడం ఈ అల్గోరిథం లక్షణం. ఈ రెంటి పోరులోనే రూపకర్త చాతుర్యం తేలుతుంది.

సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవారిని తొలుత తికమక పెట్టేది మరొకటి. ప్రోగ్రామ్ భాషల్లో ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటూ చెట్టు లోతుకు దిగుతుంది. వలయానికి అలా పిలుచుకోవడం తెలియదు. దశలు మార్చుకుంటూ నడిచే స్టేట్ మెషీన్ ఒకటి, లోతు వారీగా వివరాలు దాచే స్టాక్ ఒకటి రూపకర్తే స్వయంగా కట్టాలి. ప్రతి లోతులోనూ బల్ల మొత్తాన్ని దాచితే 256 బిట్లు కావాలి. అలా కాక వేసిన ఎత్తును వెనక్కి తీసుకోవడానికి అవసరమైనవే, అంటే బయలుదేరిన గడికి ఆరు బిట్లు, చేరిన గడికి ఆరు, చనిపోయిన పావుకు నాలుగు, క్యాస్లింగ్ హక్కులకు నాలుగు, పక్కనుంచి బంటును చంపే ప్రత్యేక హక్కుకు నాలుగు దాచితే ఇరవై నాలుగు బిట్లకు, చివరి వరుస చేరిన బంటు రూపం మారిందో లేదో చెప్పే మరొక బిట్ కలిపితే సరిపోతుంది. ఈ ప్రత్యేక నియమాలే వలయాన్ని వికృతం చేస్తాయి; జ్యామితి అంతా సమరూపంగా, ముచ్చటగా ఉండగా, క్యాస్లింగ్‌కు రాజు దాటే గడుల మీద దాడి ఉందో లేదో చూడాలి, పక్కనుంచి చంపిన బంటు చేరిన గడిలో కాక వేరే గడిలో మాయం కావాలి. చెట్టు పైభాగాన్ని ప్రాసెసర్‌కు సాఫ్ట్‌వేర్‌గా అప్పగించి, చివరి నాలుగైదు ఎత్తుల లోతును మాత్రమే వలయానికి వదలడం డీప్ బ్లూ కాలం నుంచీ నిలిచిన పని పంపకం.

ఇంతకుముందు చూసిన స్థితి మరో దారిలో మళ్ళీ ఎదురైతే గుర్తుపట్టడం వలయానికీ సులువే. ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1970లో ప్రతిపాదించిన పద్ధతిలో పన్నెండు రకాల పావులకు, అరవై నాలుగు గళ్ళకు కలిపి 768 యాదృచ్ఛిక సంఖ్యలు ఉంటాయి. బల్ల మీదున్న పావుల సంఖ్యలను ఎక్స్-ఆర్ చేస్తే ఆ స్థితికి ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. ఒక్కొక్కటి 64 బిట్లయినా ఆ పట్టిక 49,152 బిట్లే, రెండు బ్లాక్ ర్యామ్‌లలో ఇమిడిపోతుంది.

నిర్మించిన వలయం సరైనదేనా అని తేల్చడానికి చదరంగ ప్రపంచం ఒక నమ్మకమైన కొలబద్దను సిద్ధం చేసి ఉంచింది. ఆట ప్రారంభ స్థితి నుంచి ఒక ఎత్తు లోతులో 20 దారులు, రెండింటికి 400, మూడింటికి 8,902, నాలుగింటికి 1,97,281, ఐదింటికి 48,65,609, ఆరింటికి 11,90,60,324 దారులు ఉంటాయి. వలయం చేత ఎత్తులన్నీ పుట్టించి లెక్కిస్తే ఈ సంఖ్యలే రావాలి. ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో ఒక తీగ తప్పు గడికి పోయిందనో, ఒక ప్రత్యేక నియమం తప్పిందనో అర్థం. ఒక స్థితికి పది టిక్కులు పట్టినా 100 మెగాహెర్ట్జ్ వలయం సెకనుకు కోటి స్థితులు చూస్తుంది కనుక, ఐదెత్తుల పరీక్ష అర సెకనులో, ఆరెత్తుల పరీక్ష పన్నెండు సెకన్లలో ముగుస్తుంది.

ఇన్ని తంటాలు పడి నిర్మించిన యంత్రం నేటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఓడించగలదా అంటే, ఓడించలేదు. 2020 నుంచి స్టాక్‌ఫిష్ ప్రోగ్రామ్‌లో చేరిన ఎన్‌ఎన్‌యూఈ అనే చిన్న నాడీజాలం స్థితులకు విలువ కట్టడంలో పాత పద్ధతులను దాటిపోయింది. కానీ అదే ఎఫ్‌పీజీఏ రూపకర్తలకు కొత్త సమస్యను, మంచి సమస్యను, అందించింది. ఆ జాలం ప్రధానంగా ఎనిమిది, పదహారు బిట్ల పూర్ణ సంఖ్యలతో పనిచేస్తుంది కనుక ఎఫ్‌పీజీఏలోని గుణకార వలయాలకు చక్కగా సరిపోతుంది. దాని మొదటి పొర తొలి రూపంలో 41,024 వరుసలు, వరుసకు 256 సంఖ్యలు, అంటే కోటికి పైగా సంఖ్యల పట్టిక కనుక చిన్న చిప్ లోపలి జ్ఞాపకంలో ఏ విధంగానూ పట్టదు. అయితే మామూలు ఎత్తుకు మారే వరుసలు రెండు మూడే. వాటిని బయటి జ్ఞాపకం నుంచి సరైన సమయానికి తెచ్చుకునే వలయం రచించడం పీజీ స్థాయి విద్యార్థికి యోగ్యమైన పరిశోధనాంశం.

తొలి అడుగు వేసే డిగ్రీ విద్యార్థికి మాత్రం చదరంగం కన్నా తగిన ఆట మన ఊళ్ళలోనే ఉంది. దక్షిణాదిన పలు ఆలయ మండపాల రాతి నేలల మీద చెక్కి కనిపించే పులిజూదంలో 23 స్థానాలు, మూడు పులులు, పదిహేను మేకలు; ఇరువైపుల బలాలు, నడకలు, లక్ష్యాలు వేరువేరుగా ఉండే ఈ ఆట చదరంగం కన్నా చిన్నదే అయినా తేలికైనది కాదు. పులులకు 23 బిట్లు, మేకలకు 23, ఇంకా దిగని మేకల లెక్కకు నాలుగు, వంతుకు ఒకటి, వెరసి 51 బిట్లలో మొత్తం స్థితి ఒదుగుతుంది; సున్నా నుంచి పదిహేను వరకు లెక్క నాలుగు బిట్లలో ఒక్క విలువ కూడా వృథా కాకుండా అమరుతుంది. పులి మేకను దూకి చంపగలదా అన్న ప్రశ్నకు ఒకే గీత మీది మూడు స్థానాలు చాలు: మొదటిదానిలో పులి, నడుమ మేక, అవతల ఖాళీ. ఈ మూడు షరతులను కలిపే ఒక్క అండ్ గేటు జవాబు చెబుతుంది, బల్ల మీద అలాంటి మూడేసి స్థానాలు ఎన్ని ఉంటే అన్ని గేట్లు ఒకేసారి పలుకుతాయి. పులిని కట్టేయడం, అంటే దానికి కదిలే దారి లేకుండా చేయడం, చుట్టుపక్కల స్థానాలూ దూకుడు గేట్లూ అన్నీ కాదన్నప్పుడు తేలిపోతుంది. చదరంగానికి చెప్పిన స్టేట్ మెషీన్, స్టాక్, దారుల లెక్కింపు పరీక్ష ఇక్కడా యథాతథంగా వర్తిస్తాయి. మూడు పులులూ ముందే బల్ల మీద కూర్చుని ఉండే పద్ధతిలో మొదటి మేక దిగడానికి మిగిలే ఖాళీ స్థానాలు ఇరవై కనుక, ఒక ఎత్తు లోతులో వలయం చూపవలసిన సంఖ్య చదరంగంలో వచ్చినదే. రెండవ లోతు నుంచి లెక్కలు వేరుపడతాయి, వాటిని విద్యార్థి ముందుగా కాగితం మీద వేసుకుని, తరువాత బోర్డు మీద సరిచూసుకోవాలి.